చిత్రశాలా ప్రవేశం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హనుమకొండలో ఒక పాత ఇంటి కింది భాగాన్ని బాగుచేయించి చిత్రకళా గ్యాలరీగా తెరుస్తున్నారన్న వార్త వచ్చినప్పటి నుంచి ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ ప్రారంభోత్సవం చుట్టూనే తిరుగుతున్నాయి. ఆహ్వానం అందినవారు, అందనివారు, తమ బొమ్మలు అక్కడ పెట్టబోతున్నవారు, అసలు మన ఊళ్ళో ఇది ఎందుకని అడిగేవారు కూడా రాశారు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా వీధిలో ఉండే అబ్బాయి బొమ్మలు వేస్తాడు. తన బొమ్మలు కూడా పెడుతున్నారని ఇంటికి వచ్చి కార్డు ఇచ్చి, "అక్కా, బావను కూడా తీసుకొని రా" అని చెప్పి వెళ్ళాడు. పెళ్ళికో గృహప్రవేశానికో అయితే ఏం చేయాలో మాకు తెలుసు. ఇటువంటి దానికి ఎన్నడూ పోలేదు. ఎన్ని గంటలకు వెళ్ళాలి, చేతిలో ఏమైనా పట్టుకొని వెళ్ళాలా, వెళ్ళినవాళ్ళు బొమ్మ కొనాలన్న నియమం ఉంటుందా?
– ఒక గృహిణి, నక్కలగుట్ట

జవాబు: కొనాలన్న నియమం ఎక్కడా లేదు. ఇంటికి వచ్చి, వరుస పెట్టి పిలిచి కార్డు ఇచ్చాడంటే ఆ అబ్బాయి కోరుతున్నది మీరు రావడాన్నే, మీ డబ్బును కాదు. కాబట్టి ఆ బెంగ పక్కన పెట్టి వెళ్ళండి.

సమయం విషయంలో మాత్రం ఒక సలహా ఉంది. కార్డు మీద సాయంత్రం ఆరు గంటలని వేస్తే ముఖ్య అతిథి వచ్చి దీపం వెలిగించేసరికి ఏడు దాటుతుందని మన ఊరి సభలకు వెళ్ళే అలవాటున్న వారందరికీ తెలుసు. మిగతా సభల్లో ఈ ఆలస్యం విసుగు పుట్టిస్తుంది కానీ ఇక్కడ అదే మీకు లాభం. ఆరింటికే వెళితే గదుల్లో ఇంకా జనం ఉండరు, చిత్రకారులు కుర్చీలు సర్దుతూనో ఫ్రేములు వంకరగా ఉన్నాయేమోనని చూసుకుంటూనో ఖాళీగా దొరుకుతారు, ప్రతి బొమ్మ ముందు మీకు కావలసినంత సేపు నిలబడవచ్చు. అతిథులు వచ్చాక పరిస్థితి వేరు. రిబ్బను, దీపం, శాలువాలు, జ్ఞాపికలు, ఓరుగల్లు కళలకు కాణాచి అని ప్రతి వక్తా ఒకసారి చెప్పడం, ఆ తర్వాత అందరూ ఒకే వరుసలో గబగబా గదులు చుట్టి రావడం, బొమ్మలకు వీపు పెట్టి ఫొటోలు దిగడం, చివరికి సమోసాలు, చాయ్ ఉన్న బల్ల దగ్గర గుమిగూడడం అనే క్రమంలో మరో గంటన్నర గడుస్తుంది. అది కూడా ఊరి వేడుకే, దానిని మేము చిన్నచూపు చూడడం లేదు. కానీ ఆ గంటన్నరలో బొమ్మలు చూడడం మాత్రం కుదరదు.

పూలగుత్తి తీసుకొని వెళ్ళకండి. అక్కడ దానిని పెట్టడానికి చోటు ఉండదు, నీళ్ళు ఓడితే కాగితం మీద వేసిన బొమ్మలకు ప్రమాదం కూడా. చీర విషయంలో మీరు సాయంత్రం ఏ సభకు వెళ్ళినా కట్టుకునేదే చాలు, అయితే భుజానికి వేలాడే పెద్ద సంచి ఉంటే ద్వారం దగ్గర బల్ల మీద ఇచ్చి వెళ్ళండి, ఇరుకు గదిలో తిరిగినప్పుడు ఆ సంచి వెనక ఉన్న క్యాన్వాసుకు తగులుతుంది. బయటికి వచ్చే దారిలో అభిప్రాయాల పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో "చాలా బాగుంది, అభినందనలు" అని రాసి సంతకం చేసేవారే ఎక్కువ. మీరు అలా కాకుండా చూసిన ఒక్క సంగతిని పేరు పెట్టి రాయండి. ఉదాహరణకు, ఎండిన చెరువు బొమ్మలో గట్టు మీద ఆరవేసిన ఎర్ర చీర దగ్గర చాలాసేపు ఆగిపోయామని రాస్తే, ఆ అబ్బాయికి అది పూలగుత్తి కన్నా, శాలువా కన్నా ఎక్కువ. వేసినవాడు రాత్రిళ్ళు కూర్చుని ఏ చోట కష్టపడ్డాడో, ఆ చోటు ఎవరికైనా కనిపించిందా అన్నదే ఆ సాయంత్రమంతా అతని మనసులో తిరిగే సందేహం.

ప్రశ్న: గ్యాలరీలు, ప్రారంభోత్సవాలు హైదరాబాదులో బంజారాహిల్స్ వారి కాలక్షేపం. వరంగల్‌లో చూడవలసినవి రామప్ప గుడి, వేయిస్తంభాల గుడి, కోటలోని తోరణాలు. గోడకు బొమ్మలు వేలాడదీసి, దానికొక వేడుక చేయడం మన సంప్రదాయం కాదని నా అభిప్రాయం. మీరేమంటారు?
– విశ్రాంత అధ్యాపకుడు, వడ్డేపల్లి

జవాబు: మీ అభిప్రాయంతో మేము ఏకీభవించడం లేదు, అందుకు సాక్ష్యం మీ ఊరి సాహిత్యంలోనే ఉంది. వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రసిద్ధమైనదీ, శ్రీనాథుడిదే అని కొందరు పండితులు వాదించినదీ అయిన క్రీడాభిరామాన్ని మీరు చదివే ఉంటారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కంటికి కనబడినదల్లా వర్ణించుకునే ఆ రచనలో, ప్రతాపరుద్రుని భోగస్త్రీ మాచల్దేవి చిత్రశాలా ప్రవేశం చేస్తున్న ఘట్టం ఒకటి ఉంది. ఆ చిత్రశాల గోడల మీద శివుడు, కృష్ణుడు, విశ్వామిత్రుడు మొదలైనవారి శృంగార కథలు చిత్రితమై ఉన్నట్టు కవి చెబుతాడు. అది నేటి గ్యాలరీ వంటి బహిరంగ స్థలం కాదన్న మాట నిజమే, ఒక సంపన్నురాలి ఇంటి మందిరం. అయినా కొత్త చిత్రశాలలో అడుగుపెట్టడం ఒక శుభకార్యమనీ, దారిన పోయే ఇద్దరు మిత్రులు దాని గురించి చెప్పుకోదగ్గ విశేషమనీ ఈ నగరం గురించి రాసిన కవికి తోచింది. కాబట్టి గ్యాలరీ ప్రారంభోత్సవం బంజారాహిల్స్ నుంచి బస్సెక్కి వచ్చిందనడం సరికాదు.

ఇక రాజులను, వారి ప్రియురాళ్ళను వదిలి పల్లెలకు వద్దాము. నిన్నమొన్నటి వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో నకాషీ కుటుంబాలు తరతరాలుగా పటాలు వేస్తున్నాయి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపిన లేపనాన్ని ఒక పూత ఆరిన తర్వాత మరొక పూతగా పట్టించి, అది గట్టిపడి నునుపు తేలాక, ఎర్రని నేపథ్యం మీద కథను అడ్డపట్టీలుగా గీస్తారు. ఆ పటాలు గోడకు అలంకారంగా పుట్టినవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, గౌడులకు గౌడ పురాణం చెప్పే గౌడజెట్టివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు తమ తమ పటాలను నకాషీల చేత రాయించుకొని, ఊరూరా తిరిగి, పటాన్ని ఒక్కొక్క పట్టీ విప్పుతూ కథ పాడేవారు. ఊరు మొత్తం కూర్చుని చూసే చిత్ర ప్రదర్శన అంటే మన దగ్గర అదే. ఒక్కొక్క పటం పదుల అడుగుల పొడవు ఉండేది. ఇప్పుడు చేర్యాల నుంచి వచ్చేవాటిలో ఎక్కువ భాగం గోడకు తగిలించుకోవడానికి వీలుగా ఒకటి రెండు ఘట్టాలతో ఫ్రేములో ఇమిడే చిన్న బొమ్మలు, కొయ్యపొట్టుతో, చింతగింజల పిండితో చేసే ముఖాలు.

ఈ పోలికలో మీ అసంతృప్తికి అసలు కారణం దొరుకుతుందని మాకు అనిపిస్తున్నది. పటం విప్పినప్పుడు పక్కన కథ చెప్పే మనిషి ఉండేవాడు. చూసేవారికి ఎక్కడ చూడాలో, ఎవరు ఎవరో, ఏం జరుగుతున్నదో అతని కర్ర చివర చూపించేది. రామప్ప గుడిలో మదనికలనే స్త్రీ శిల్పాల ముందు కూడా గైడు నోరు విప్పేదాకా చాలామంది ఆ వంపులను పైపైన చూసి నడిచిపోతారు. గ్యాలరీలో కొత్తగా వచ్చింది బొమ్మా కాదు, గోడా కాదు, వేడుకా కాదు. బొమ్మ పక్కన మాట లేకపోవడమే కొత్త. ఆ మౌనాన్ని గౌరవమని పొరబడి అందరూ గొంతు తగ్గించి, చేతులు కట్టుకొని, తెలిసినట్టు తల ఊపుతూ నడుస్తారు. మన గ్యాలరీ నిర్వాహకులు ఆ మౌనాన్ని పట్నం నుంచి దిగుమతి చేసుకోకుండా, ప్రారంభం రోజున ప్రతి గదిలో బొమ్మల గురించి చెప్పే ఒక మనిషిని నిలబెడితే మీ అభ్యంతరంలో చాలా భాగం తీరుతుంది. మీ వంటివారు ఆ పనికి ముందుకు వస్తే మరీ మంచిది.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. నిరుడు ఒక ప్రదర్శనకు పోతే ఒక బొమ్మలో నల్ల గీతలు, మధ్యలో పసుపు మచ్చ తప్ప ఏమీ కనబడలేదు. నాకు, మా దోస్తుకు నవ్వు ఆగలేదు. వెనక్కి తిరిగి చూస్తే వేసిన సార్ అక్కడే ఉన్నారు. ఈసారి పోవాలని ఉంది కానీ ఏం మాట్లాడాలో తెలియక భయంగా ఉంది.
– ఒక విద్యార్థి, హసన్‌పర్తి

జవాబు: నవ్వు వచ్చినందుకు సిగ్గుపడనక్కర లేదు, నవ్వి అక్కడి నుంచి వెళ్ళిపోయినందుకే మాకు విచారం. ఆ సార్‌ను "ఈ పసుపు ముందు పెట్టారా, నలుపు ముందు పెట్టారా సార్?" అని అడిగి ఉంటే ఆయన కనీసం పది నిమిషాలు మీతో మాట్లాడేవారు. "దీని అర్థమేమిటి" అన్న ప్రశ్నకు చిత్రకారులు బిగుసుకుపోతారు, ఎందుకంటే అర్థాన్ని మాటల్లో చెప్పగలిగితే వారు రంగులు కొనే ఖర్చు ఎందుకు పెట్టుకుంటారు? పని ఎలా జరిగిందని అడిగితే మాత్రం వడ్రంగి అయినా, చిత్రకారుడైనా సంతోషంగా చెబుతాడు. ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆగాలని ఎలా తెలిసింది, ఏది తుడిచేశారు అన్నవి మంచి ప్రశ్నలు. "మా చెల్లె కూడా ఇట్లనే వేస్తది" అన్నది మాత్రం ప్రతి చిత్రకారుడూ ప్రతి ప్రదర్శనలోనూ వినే మాట కాబట్టి దానిని ఇంటి దగ్గరే వదిలి రండి.

భయం తగ్గడానికి ఒక పద్ధతి చెబుతాము. బొమ్మ పక్కన అతికించిన చీటీని ముందు చదవకండి. గది మధ్యలో నిలబడి మొత్తంగా ఒకసారి చూడండి, తర్వాత మూరెడు దూరానికి వెళ్ళి పని చూడండి. దగ్గరికి వెళితే మాధ్యమం, అంటే బొమ్మ వేసిన రంగు రకం, పద్ధతి, తన గుట్టు తానే చెబుతుంది. నీటిరంగుల బొమ్మలో తెలుపు చాలాసార్లు రంగు కాదు, ముట్టకుండా వదిలేసిన కాగితం. నీరు ఎండిన చోట రంగు అంచుకు చేరి ముదురు గీతలా మిగులుతుంది, ఆ గీతను కుంచె గీయలేదు. తైలవర్ణం మెల్లగా ఆరుతుంది కాబట్టి ఒక రంగులోకి మరొక రంగు కలిసిపోయిన మెత్తదనం కనిపిస్తుంది. అక్రిలిక్ త్వరగా ఆరిపోయి పొర మీద పొరగా నిలుస్తుంది. ఎచింగ్ అని రాసి ఉంటే కాగితం అంచుల వైపు చూడండి, బొమ్మ చుట్టూ కాగితం లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. లోహపు పలక మీద రక్షణ పూత పట్టించి, సూదితో గీసి, ఆమ్లంలో ఉంచి, ఆ గీతలలో సిరా నింపి, ప్రెస్సు కింద కాగితానికి అచ్చు తీస్తారు, ఆ నొక్కు పలక అంచు వదిలిన గుర్తు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ ఈ పనిలో దేశమంతటా పేరు పొందారు.

మన ప్రాంతంలో పుట్టి పేరు పొందిన మరికొందరు చిత్రకారులను కూడా చెప్పుకోవాలి. కరీంనగర్ జిల్లా అన్నారంలో 1915లో పుట్టిన పి.టి. రెడ్డి బొంబాయికి వెళ్ళి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) ఊరి పండుగలను, శ్రమజీవులను నకాషీ పటాలను తలపించే తీరులో వేశారు. వేములవాడ ప్రాంతంలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం చిత్రాలలో పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నల్లని మేనిఛాయతో నిలబడే స్త్రీలను చూస్తే మీ నాయనమ్మ గుర్తుకు రావచ్చు. ఆ చిత్రాల ముందు ఎవరూ అర్థం అడగరు, ఎందుకంటే అక్కడ మనిషి కనబడుతుంది. మనిషి కనబడని బొమ్మలో కూడా ఆ ఎరుపు, ఆ బరువు ఎక్కడ ఉన్నాయో వెతకడం అలవాటు చేసుకుంటే నల్ల గీతల మధ్య పసుపు మచ్చ కూడా మెల్లగా మాట్లాడుతుంది. మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఆ బొమ్మ నిజంగానే బలహీనమైనదై ఉండవచ్చు. గోడకెక్కిన ప్రతిదీ గొప్పదని ఒప్పుకోవలసిన పని మీకు లేదు.

ప్రశ్న: ప్రారంభోత్సవంలో వైన్ పోస్తారని మా మరదలు అంటున్నది. నిజమేనా?
– పేరు వద్దన్న పాఠకుడు, కాజీపేట

జవాబు: మహానగరాలలో కొన్ని గ్యాలరీలలో ఆ అలవాటు ఉంది. హనుమకొండలో మీకు దొరికేది అల్లం చాయ్. అది కూడా బొమ్మలున్న గదిలోకి తీసుకొని పోవద్దు.

ప్రశ్న: ధరల పట్టికలో ఒక పెద్ద బొమ్మకు 18,000 రూపాయలు, దాని పక్కనే ఉన్న చిన్నదానికి 40,000 రూపాయలు వేసి ఉండడం ఒకచోట చూశాను. కొన్నింటి పక్కన ఎర్ర చుక్క అతికించారు. ధర ఎలా కడతారు, బేరం చేయవచ్చా, కొంటే ఏమేమి అడిగి తీసుకోవాలి?
– రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: ఎర్ర చుక్క అంటే ఆ బొమ్మ అమ్ముడుపోయిందని. అమ్ముడుపోయినా ప్రదర్శన ముగిసేదాకా అది గోడ మీదే ఉంటుంది, కొన్నవారు చివరి రోజు తర్వాత తీసుకువెళతారు. కాబట్టి మొదటి సాయంత్రం డబ్బు కట్టి బొమ్మను చంకన పెట్టుకొని వెళ్ళాలనుకుంటే కుదరదు.

ఒకే చిత్రకారుని పనిలో ధర సాధారణంగా కొలతను బట్టి, మాధ్యమాన్ని బట్టి పెరుగుతుంది. ఇద్దరు చిత్రకారుల మధ్య తేడా మాత్రం కొలతతో తేలదు. ఎన్నేళ్ళుగా వేస్తున్నారు, ఇదివరకు ఏ ధరకు అమ్ముడుపోయాయి, ఎవరి సేకరణలలో ఉన్నాయి అన్నవాటిని బట్టి ఉంటుంది. మీరు చూసిన 40,000 రూపాయల చిన్న బొమ్మ పేరున్న పెద్దవారిదై, 18,000 రూపాయల పెద్ద బొమ్మ కొత్తగా వస్తున్నవారిదై ఉండవచ్చు. ఆ ధరలో గ్యాలరీ వాటా కూడా కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి. మూడో వంతు నుంచి సగం దాకా గ్యాలరీలు తీసుకోవడం ఈ రంగంలో మామూలు విషయమే. అద్దె, దీపాలు, క్యాటలాగు అచ్చు ఖర్చు, మీరు తాగిన చాయ్ అందులో నుంచే వస్తాయి.

బేరం విషయానికి వస్తే, ప్రారంభం సాయంత్రం పదిమంది ముందు చిత్రకారుని మొహం మీద బేరం చేయడం మర్యాద కాదు. మరునాడు వెళ్ళి గ్యాలరీవారిని వాయిదాలలో కట్టవచ్చా అని అడగండి. చిన్న ఊళ్ళలో చాలామంది ఒప్పుకుంటారు, జీతం మీద బతికే మనకు తగ్గింపు కన్నా వాయిదాయే ఎక్కువ ఉపకారం. కొన్నప్పుడు చిత్రకారుని పేరు, బొమ్మ పేరు, వేసిన సంవత్సరం, మాధ్యమం, కొలత, పన్నుతో కలిపి మొత్తం ధర రాసిన రసీదు తీసుకోండి. బొమ్మ మీద గానీ, వెనక గానీ సంతకం ఉందో లేదో చూడండి. ఎచింగ్ వంటి అచ్చు బొమ్మ అయితే అడుగున పెన్సిల్‌తో 5/25 అని రాసి ఉంటుంది, మొత్తం 25 ప్రతులలో ఇది అయిదవది అని దాని అర్థం. ఆ సంఖ్య లేకుండా, కంప్యూటర్ ప్రింటును క్యాన్వాసు మీద తీసి పైన నాలుగు కుంచె దెబ్బలు వేసినవాటిని అసలు చిత్రాలుగా అంటగట్టే చోట్లు కూడా ఉన్నాయి, ఏటవాలుగా వెలుగులో చూస్తే రంగు మందం, ప్రింటు చుక్కలు బయటపడతాయి.

చాలామందికి తెలియని సంగతి మరొకటి. బొమ్మ కొన్నంత మాత్రాన దాని కాపీరైటు మీకు రాదు. దానిని క్యాలెండరుగానో, పెళ్ళి కార్డుగానో అచ్చు వేసుకోవాలంటే విడిగా రాతపూర్వక అనుమతి కావాలి. అంతే కాకుండా, 1957 నాటి కాపీరైటు చట్టంలోని 53ఎ సెక్షను ప్రకారం, అసలు చిత్రాన్ని మీరు తర్వాత 10,000 రూపాయలకు మించిన ధరకు మరొకరికి అమ్మితే అందులో వాటా అడిగే హక్కు చిత్రకారునికి ఉంది, ఆ వాటా 10 శాతానికి మించకూడదు. ఆచరణలో ఈ హక్కును వాడుకునేవారు అరుదే. అయినా ఎప్పటికైనా రెట్టింపు ధరకు అమ్ముకోవచ్చన్న లెక్కతో మొదటి బొమ్మ కొనవద్దని మా గట్టి సలహా. భోజనాల గదిలో రోజూ ఎదురుగా పెట్టుకొని చూడగలిగిన దానినే కొనండి.

ప్రశ్న: అయిదేళ్ళ మా పాపను తీసుకొని రావచ్చా? కనబడినదల్లా ముట్టుకుంటుంది.
– ఒక తల్లి, సుబేదారి

జవాబు: తప్పకుండా తీసుకొని రండి, అయితే జనం చేరకముందు తీసుకొని రండి. పెద్దల కంటికి సరిపడేలా బొమ్మ మధ్యభాగం నేల నుంచి దాదాపు 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేటట్టు వేలాడదీస్తారు, పాపకు కనబడాలంటే మీరు చంకనెత్తుకోవలసి వస్తుంది, ముట్టుకునే సమస్య కూడా దానితోనే సగం తీరుతుంది. చేతి చెమట, జిడ్డు రంగు మీద మరకగా మిగిలిపోతాయని పెద్దలకు కూడా చెప్పవలసి వస్తున్నది, పాపను ఒక్కదానినే అనడమెందుకు?

ప్రశ్న: నేను నర్సంపేట దగ్గర బడిలో డ్రాయింగ్ మాస్టరును. ఈ గ్యాలరీవారు నా బొమ్మలు కొన్ని పెట్టుకుంటామన్నారు. ఇదివరకు వేరే పట్టణంలో ఒక నిర్వాహకుడు నా బొమ్మ అమ్ముడుపోయిన తర్వాత డబ్బుకు నెలల తరబడి తిప్పించుకున్నాడు, మిగిలినవాటిలో ఒకటి ఫ్రేము పగిలి వాపసు వచ్చింది. ఈసారి ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? ప్రారంభం రోజు నేను ఏం చేయాలి?
– ఒక చిత్రకారుడు

జవాబు: ముందుగా కాగితం. నోటిమాట మీద బొమ్మలు అప్పగించకండి. బొమ్మల పేర్లు, కొలతలు, ధరలు, గ్యాలరీ వాటా ఎంత, అమ్ముడుపోయిన ఎన్ని రోజులకు డబ్బు ఇస్తారు, అమ్ముడుపోనివి ఏ తేదీకి వాపసు చేస్తారు, రవాణా ఖర్చు ఎవరిది, దెబ్బతింటే నష్టం ఎవరిది అన్నవి రాసుకొని రెండు ప్రతుల మీద ఇద్దరూ సంతకాలు చేయండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడవద్దు, అడగని చిత్రకారుని కన్నా అడిగిన చిత్రకారునికే నిర్వాహకులు వేళకు డబ్బు ఇస్తారు. అప్పగించే రోజున ప్రతి బొమ్మకు ముందువైపు, వెనకవైపు, ఫ్రేము నాలుగు మూలలు ఫోనులో ఫొటో తీసి ఉంచండి.

ఈ గ్యాలరీ ఉన్నది పాత ఇంట్లో కాబట్టి గోడల సంగతి కూడా చూసుకోండి. వానకాలంలో పాత గోడలు చెమ్మ పీలుస్తాయి, కొత్తగా సున్నం వేసినా కొన్నాళ్ళు తడి వదులుతూనే ఉంటాయి. ఫ్రేము వెనక కింది మూలల్లో చిన్న బెండు ముక్కలు అతికిస్తే గోడకు, బొమ్మకు మధ్య గాలి ఆడుతుంది. కాగితం మీద వేసినవాటికి అద్దం నేరుగా బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ అట్ట అంచు, పెట్టించండి, లేకపోతే చెమ్మకు రంగు అద్దానికి అంటుకుంటుంది.

ప్రారంభం రోజున చాలామంది చిత్రకారులు చేసే పొరపాటు ఏమిటంటే, వినయం పేరుతో ఒక మూలకు చేరి, ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూడడం. ఎవరూ అడగరు, ఎందుకంటే వారు మీకంటే ఎక్కువ భయపడుతున్నారు. పై ఉత్తరంలోని విద్యార్థిని చూడండి. మీ బొమ్మకు అడ్డం రాకుండా పక్కన నిలబడి, ఎవరైనా ఆగి చూస్తున్నప్పుడు మీరే మొదలుపెట్టండి. ఫలానా చెరువు దగ్గర ఫలానా పొద్దున చూసింది, ఆ ఆకాశం మూడుసార్లు తుడిచి వేసింది అని రెండు వాక్యాలు, మీ ఇంట్లో మాట్లాడుకునే మాటలోనే చెప్పండి. సభల్లో వాడే బరువైన పదాలు అక్కడ అక్కరకు రావు. మీ బడి పిల్లలను కూడా తీసుకొని రండి, తమ మాస్టారు పేరు గోడ మీద అచ్చులో చూడడం వారికి డ్రాయింగ్ పీరియడ్ ఎందుకున్నదో చెబుతుంది. ధర అడిగినవారిని మాత్రం బల్ల దగ్గరికి పంపండి, ఆ పని గ్యాలరీది.

ప్రశ్న: ఫొటోలు తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హంటర్ రోడ్డు

జవాబు: అడిగి తీసుకోండి, ఫ్లాష్ ఆపి తీసుకోండి. వాట్సాప్‌లో పెట్టేటప్పుడు చిత్రకారుని పేరు కింద రాయండి, ముఖ్య అతిథి పేరు రాయడం మరిచిపోయినా ఎవరికీ నష్టం లేదు.

ప్రశ్న: ప్రారంభం రోజు నాకు డ్యూటీ ఉంది, ఆహ్వానం కూడా రాలేదు. తర్వాత ఎప్పుడైనా పోతే లోపలికి రానిస్తారా? పిలవని చోటికి పోయినట్టు ఉండదు కదా?
– ఆసుపత్రి నర్సు, వరంగల్

జవాబు: గ్యాలరీ తలుపు తెరిచి ఉన్నంతసేపు అందరినీ పిలిచినట్టే. నిజం చెప్పాలంటే మొదటి సాయంత్రం వెళ్ళినవారి కన్నా మీరే అదృష్టవంతులు. వారం మధ్యలో, మీ షిఫ్టు ముగిశాక ఏదో ఒక మధ్యాహ్నం వెళ్ళండి. ఆ వేళకు అక్కడ ఒక కుర్రవాడు తప్ప ఎవరూ ఉండకపోవచ్చు. కరెంటు బిల్లు భయంతో చిన్న ఊళ్ళ గ్యాలరీలలో పగటిపూట బొమ్మల మీది దీపాలు ఆపి ఉంచుతారు, కాబట్టి లోపలికి వెళ్ళగానే "తమ్మీ, లైట్లు వేస్తావా" అని అడగండి. ఆ తర్వాత అతనికి ఏ బొమ్మ నచ్చిందో కూడా అడగండి. నెలంతా వాటి మధ్యనే కూర్చునేవాడు కాబట్టి, అతనికి తప్పకుండా ఒకటి నచ్చి ఉంటుంది, ఎందుకు నచ్చిందో కూడా చెబుతాడు.